చదువుకునే సుఖానికి సంజాయిషీ ఉండదు

పోయిన ఏడాది ఒక సాహిత్య సంస్థ వాళ్లు నన్ను సభకి పిలిచారు. ఏం మాట్లాడమంటారని ఫోన్లోనే అడిగాను. "మీ ఇష్టం మేడం" అన్నారు. నా ఇష్టమే అయితే చింగీజ్ ఐత్‌మాతోవ్ 'జమీల్యా' గురించి మాట్లాడతానన్నాను. అవతల కాసేపు చప్పుడు లేదు. "అది కాదు మేడం, ముస్లిం స్త్రీగా మీరు పడ్డ బాధలు చెప్తే బాగుంటుంది. తలాక్, బురఖా, అట్లాంటివి. ఐత్‌మాతోవ్ గురించి మాట్లాడేందుకు వేరే వాళ్లున్నారు" అన్నాడాయన. చెడ్డ మనిషి కాదు. మతతత్వానికి వ్యతిరేకంగా ఎండలో నిలబడి కరపత్రాలు పంచినవాడు. అందుకే ఆ మాట ఇంకా గుచ్చుకుంది.

వేరే వాళ్లున్నారట. ఎవరా వేరే వాళ్లు? రష్యా వాళ్లకి, ఫ్రాన్సు వాళ్లకి, లాటిన్ అమెరికా మొత్తం వాళ్లకే. నా వంతుకి మాత్రం మా గల్లీ, అందులోనూ మా ఇల్లు, అందులోనూ మా ఇంట్లో ఏడుపు. ఈ పంపకం ఎప్పుడు జరిగింది? ఏ పెద్దమనుషులు కూచుని చేశారు? నన్నెందుకు పిలవలేదు?

నేను ఆ సభకి వెళ్లలేదు. కానీ అక్కడ చెప్పాలనుకున్నది ఇక్కడ చెప్తాను.

మాది బోధన్. అబ్బా చక్కెర ఫ్యాక్టరీలో సీజన్ కూలి. క్రషింగ్ ఉన్నన్నాళ్లు పని, తర్వాత ఏది దొరికితే అది. అమ్మీ బీడీలు చుట్టేది. నిజామాబాదు జిల్లాలో బీడీలు చుట్టని ఆడవాళ్లున్న గల్లీ చూపించమంటే చూపించలేను. అందులో మేమూ ఉన్నాం, పద్మశాలీలూ ఉన్నారు, మాదిగలూ ఉన్నారు. 1984లో నేను పదో తరగతి. బస్టాండు దగ్గర విశాలాంధ్ర వాళ్ల పుస్తకాల వ్యాన్ ఆగింది. అట్ట గట్టిగా, కాగితం నున్నగా ఉన్న మాస్కో పుస్తకాలు రెండు మూడు రూపాయలకే ఇచ్చేవాళ్లు. ధర చూసి కొన్నవాళ్లే ఎక్కువ, నాతో సహా. ఆ గుట్టలో ఒక అట్ట మీద 'జమీల్యా' అని ఉంది.

మా గల్లీలో నలుగురు జమీలాలు. రష్యా పుస్తకం మీద మా వాళ్ల పేరెందుకుంది అనుకుని తెరిచాను. లోపల సాదిక్ ఉన్నాడు, ఉస్మాన్ ఉన్నాడు, దానియార్ ఉన్నాడు. కథ చెప్పే పిల్లాడి పేరు సెయీత్. అప్పటిదాకా నేను చదివిన తెలుగు కథల్లో మావాడికి పేరుండటమే అరుదు. "సాయిబు" అంటే సరిపోయేది. జట్కా తోలే సాయిబు, అత్తరు అమ్మే సాయిబు, ఆపదలో హీరో కోసం ప్రాణమిచ్చే సాయిబు. ఇక్కడ ఊరంతా మావాళ్లే, కానీ ఎవడూ సాయిబు కాదు. ఒకడు లెక్కలు రాసేవాడు, ఒకడు కుంటి సైనికుడు, ఒకడు పక్కవాడి పెళ్లాం మీద కన్నేసిన వెధవ. నాకెంత హాయిగా అనిపించిందో ఇప్పుడు చెప్పలేను.

అమ్మీకి తెలుగు మాట్లాడటమే వచ్చు, చదవడం రాదు. ఖురాన్ అరబ్బీలో చదివేది, ఉర్దూ కూడబలుక్కునేది. మా దాలాన్లో సాయంత్రం నలుగురైదుగురు ఆడవాళ్లు ఒళ్లో చాటలు పెట్టుకుని కూచునేవాళ్లు. తడిగుడ్డలో తునికాకు, కత్తెర చప్పుడు, జర్దా ఘాటుకి తుమ్ములు. రేడియో బ్యాటరీలు అయిపోయిన రోజుల్లో నన్ను కథ చెప్పమనేవాళ్లు. నేను 'జమీల్యా' తెరిచి, తెలుగు వాక్యం కళ్లతో చదివి, మా దక్కనీ ఉర్దూలో పైకి చెప్పడం మొదలుపెట్టాను. కిర్గిజ్ మనిషి కథ రష్యన్ మీదుగా తెలుగులోకొచ్చి, బోధన్‌లో బీడీలు చుట్టేవాళ్ల దగ్గరికి దక్కనీలో చేరింది. సెయీత్ అంటే మన సయ్యదేనని కనిపెట్టింది అమ్మీయే.

కథ తెలిసినవాళ్లు క్షమించాలి, తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. రెండో ప్రపంచ యుద్ధం రోజులు. జమీల్యా భర్త సాదిక్ యుద్ధంలో ఉన్నాడు. ఊళ్లో మగవాళ్లు లేరు కాబట్టి జమీల్యా, మరిది వరసైన కుర్రవాడు సెయీత్, గాయపడి తిరిగొచ్చిన దానియార్, ముగ్గురూ ధాన్యం బండ్లు తోలుకుని రైల్వే స్టేషనుకి వెళ్తుంటారు. సాదిక్ ఇంటికి ఉత్తరాలు రాస్తాడు. పెద్దలందరికీ పేరు పేరునా సలాములు చెప్పి, బంధువుల్ని అడిగి, ఇరుగుపొరుగుని అడిగి, చిట్టచివర తొందరలో గుర్తొచ్చినట్టు పెళ్లానికో సలాం. పెద్దవాళ్లుండగా భార్య పేరు ముందు రాయడం మర్యాద కాదు మరి. ఉత్తరం వచ్చినప్పుడు జమీల్యా ముఖం వెలుగుతుంది, చివరికొచ్చేసరికి వాడిపోతుంది.

నేను ఇక్కడికొచ్చేసరికి పక్కింటి ఆపా చేతిలో కత్తెర ఆగింది. ఆమె భర్త అప్పటికి ఐదేళ్లుగా జెద్దాలో ఉన్నాడు. మా ప్రాంతంలో ప్రతి గల్లీకి నలుగురైదుగురు గల్ఫులో ఉండేవాళ్లు. ఉత్తరం మామ పేర వచ్చేది. మామ వాకిట్లో కూచుని అందరికీ వినపడేట్టు చదివేవాడు, ఆమె తలుపు చాటున నిలబడి వినేది. "ఆ జమీలాకి పేరన్నా రాశాడు. మా ఆయన ఇంట్లో అందరికీ సలాం అని రాస్తాడు. ఆ అందర్లో నేనున్నానో లేనో" అంది. ఎవరూ మాట్లాడలేదు. కాసేపటికి అమ్మీ, "ఆగే పఢ్" అంది. చదివాను.

దానియార్‌ని ఆటపట్టించాలని జమీల్యా, సెయీత్ కలిసి అతని బండిలో ఏడు పూడ్ల బస్తా వేసే చోటు మీకు గుర్తుందా? అంటే మన లెక్కలో దాదాపు నూట పదిహేను కిలోలు. అతను దించమనడు. ఎవరి సాయమూ అడగడు. గాయపడ్డ కాలుతో ఆ బస్తా వీపు మీద వేసుకుని నిచ్చెనలాంటి పలక మీద ఎక్కుతుంటాడు. మొదట మా దాలాన్లో అందరూ నవ్వారు. తర్వాత ఒక్కొక్కరే నవ్వడం మానేశారు. ఒకామె "వదిలెయ్ బాబూ, పడేసెయ్" అని గట్టిగా అరిచింది. ఆ పలక కిర్గిజిస్తాన్‌లో ఉంది, ఆమె బోధన్‌లో ఉంది.

చివర్లో భర్త ఆస్పత్రి నుంచి తిరిగొస్తున్నాడని తెలిసి కూడా జమీల్యా దానియార్‌తో వెళ్లిపోతుంది. దాని మీద మా దాలాన్లో రెండు రోజులు పంచాయితీ. తప్పు చేసిందని ముగ్గురు, సాదిక్‌దే తప్పని ఒకామె, అత్త మంచిది కదా అత్త మొహం చూసైనా ఆగాల్సిందని ఇంకొకామె. అమ్మీ అంతా విని, "గల్తీచ్ కరీ. ఫిర్ సే పఢ్" అంది. తప్పే చేసింది, కానీ మళ్లీ చదువు. మూడుసార్లు చదివించుకున్నారు.

1959లో ఫ్రెంచి కవి లూయీ ఆరగాన్ ఈ కథని తన భాషలోకి తెచ్చి, లోకంలోకెల్లా అందమైన ప్రేమకథ ఇదేనని మెచ్చుకున్నాడని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆరగాన్ మెప్పుకి లోకంలో విలువుంది. మా అమ్మీ "ఫిర్ సే పఢ్" అన్నదానికి విలువెవరు కడతారు? ఐత్‌మాతోవ్ గురించి మాట్లాడేందుకు వేరే వాళ్లున్నారన్న పెద్దమనిషికి ఆ దాలాన్ గురించి ఏం తెలుసు?

ఇంకో సంగతి కూడా నాకు తర్వాతే తెలిసింది. మాకు అంత చవగ్గా పుస్తకాలు పంపిన ఆ సోవియట్ రాజ్యమే 1938లో ఐత్‌మాతోవ్ తండ్రిని కాల్చి చంపింది. కొడుక్కి అప్పుడు తొమ్మిదేళ్లు. తండ్రి ఎముకలెక్కడున్నాయో 1991 దాకా తెలియలేదు. ఆ రాజ్యం చేసిన హత్యని నేను మర్చిపోను. మాస్కోలో ఉప్పల లక్ష్మణరావు, రారా లాంటివాళ్లు కూచుని చేసిన తెలుగు అనువాదాల పని నాకిచ్చిన సంతోషాన్నీ అబద్ధమనను. రెండూ నా దగ్గరే ఉంటాయి. ముస్లిం పాఠకురాలికి ఇంత సంక్లిష్టమైన అభిప్రాయం ఉండొచ్చని ఎవరూ అనుకోరు, అదే నా గొడవ.

అడ్డు బయటినుంచే రాలేదు. మా ఇంట్లోనూ ఉంది, దాన్ని దాస్తే నేను రాసేదానికి అర్థం లేదు. అమ్మీ పెళ్లినాడు ఖురాన్‌తో పాటు పెట్టెలో పెట్టిన పుస్తకం 'బెహెష్తీ జేవర్'. మౌలానా అష్రఫ్ అలీ థాన్వీ ఇరవయ్యో శతాబ్దం తొలి ఏళ్లలో ఆడవాళ్ల కోసం తయారుచేసిన పుస్తకం. ఉత్తరాన ఎన్నో ముస్లిం ఇళ్లలో, మన దగ్గరా, కొత్త పెళ్లికూతురికి కట్నం సామానుతో పాటు అది ఇవ్వడం రివాజు. ఆడపిల్లలకి చదువు చెప్పి తీరాలని గట్టిగా వాదించిన పుస్తకం అదే. చదవకూడని పుస్తకాల జాబితా ఇచ్చిందీ అదే. గజళ్ల దివాన్లు వద్దు, అలిఫ్ లైలా వద్దు, అమీర్ హమ్జా దాస్తాన్ వద్దు, నవలలు వద్దు. ఆడపిల్లలకి బుద్ధులు నేర్పడానికే 1869లో డిప్యూటీ నజీర్ అహ్మద్ రాసిన 'మిరాతుల్ ఉరూస్' కూడా వద్దట! చదవడం నేర్పి, ఏది చదివితే సుఖంగా ఉంటుందో దాన్ని పక్కన పెట్టమన్నారు. నాకు పదిహేడేళ్లప్పుడు ఆ జాబితా కంటపడింది. నేను అదృష్టవంతురాల్ని. ఏమేం చదవాలో ఎవరూ చెప్పని ఊళ్లో నాకో పట్టిక దొరికింది. అలిఫ్ లైలాతో మొదలుపెట్టాను.

మా మేనమామ ఒకరోజు, "ఈ కిస్సాలు చదివితే సవాబ్ వస్తదా?" అని అడిగాడు. రాదు మామూ అన్నాను. "మరి కైకు?" అన్నాడు. బాగుంటది కాబట్టి అన్నాను. ఆ జవాబు ఆయనకి నచ్చలేదు. ముప్ఫై ఏళ్ల తర్వాత హైదరాబాదులో ఒక అభ్యుదయ మిత్రుడు నా బల్ల మీద నవల చూసి, "ఇది మన ఉద్యమానికెట్లా ఉపయోగపడుతుంది?" అని అడిగాడు. సవాబ్ అనే మాట తీసేసి ఉపయోగం అనే మాట పెట్టాడు, అంతే తేడా. అప్పుడూ నా జవాబు అదే, ఆయనకీ అది నచ్చలేదు.

మన ఆడవాళ్లు సుఖం కోసం చదివి, సుఖం కోసం రాస్తే ఏమవుతుందో తెలుసుకోవాలంటే రుఖయ్యా సఖావత్ హుస్సేన్‌ని చూడండి. 1880లో రంగపూర్ జిల్లా జమీందారీ ఇంట్లో పుట్టింది. ఆడపిల్లకి బెంగాలీ, ఇంగ్లీషు నేర్పని ఇల్లు. రాత్రి అందరూ పడుకున్నాక అన్న దీపం వెలుతుర్లో దొంగచాటుగా నేర్పాడు. పెళ్లయ్యాక, భర్త పని మీద ఊళ్లు తిరగడానికి వెళ్లినప్పుడు పొద్దుపోక ఒక కథ రాసింది. పొద్దుపోకే రాశానని ఆమే చెప్పుకుంది. ఆ కథ పేరు 'సుల్తానాస్ డ్రీమ్'. మగవాళ్లని జనానాలో కూచోబెట్టి, ఆడవాళ్లు ఎండని పట్టి వంట చేసుకుని, గాలిబండ్లలో తిరిగే దేశం. 1905లో మద్రాసులో 'ఇండియన్ లేడీస్ మ్యాగజైన్' దాన్ని అచ్చువేసింది. ఆ పత్రిక నడిపిన కమలా సత్యనాథన్ మన రాజమండ్రిలో పుట్టిన మనిషి. నూట ఇరవై ఏళ్లు దాటినా పరదా మీద దానంత పదునుగా నవ్విన కథ నేను చూడలేదు. నాతో బాధ చెప్పించాలని చూసే పెద్దమనుషులారా, ఆ కథలో ఏడుపు ఎక్కడుందో వెతికి చూపించండి.

ఇక లౌకికవాద మిత్రులతో ఒక మాట. మీ ప్రేమ నాకు తెలుసు. కానీ మీ ప్రేమకి ఒక జబ్బుంది. నేను ఉగాది పచ్చడి తింటే మీరు మురిసిపోయి మతసామరస్యం అంటారు. నాకు మామిడికాయ పులుపూ వేపపువ్వు చేదూ కలిస్తే ఇష్టం. చిన్నప్పుడు ఎదురింటి అవ్వ గిన్నెనిండా పంపేది, తినేదాన్ని. అప్పుడెవరూ ఫొటో తియ్యలేదు. మీరు మా ఇంట్లో హలీమ్ తిన్నప్పుడు నేను దాన్ని గంగా జమునా తెహజీబ్ అనలేదు కదా, ఇంకో గిన్నె వేసుకోమన్నాను. ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు తిరగేయడం, ఇరానీ హోటల్లో ఉస్మానియా బిస్కట్టు ముంచుకుని చాయ్ తాగడం, పాత రేడియో పాట వస్తే పని ఆపేసి వినడం. ఇవి దేనికీ ప్రతీకలు కావు. ముస్లిం చేసే ప్రతి పనీ అయితే ప్రమాదం, లేకపోతే సందేశం. మధ్యలో మామూలుగా బతకడానికి చోటు లేదా?

చోటు లేదని నాకు ప్రతి సాహిత్య సభలోనూ గుర్తుచేసే ప్రశ్న ఒకటుంది. నేను ఏ నవల గురించి మాట్లాడినా చివర్లో ఒకరు లేచి, "రష్దీ మీద మీ అభిప్రాయం?" అంటారు. మార్క్వెజ్ గురించి చెప్పినా అదే, చెహోవ్ గురించి చెప్పినా అదే. 1988 అక్టోబరులో మన ప్రభుత్వం ఆ పుస్తకం దిగుమతి ఆపింది. అప్పటినుంచీ నాలాంటి వాళ్లకి ఇది ప్రవేశ పరీక్ష. 2024 నవంబరులో ఢిల్లీ హైకోర్టు ఆ నిషేధం నోటిఫికేషనే ఎవరూ చూపించలేకపోయారు కాబట్టి అది లేనట్టే భావించాలంది. ముప్ఫై ఆరేళ్లు లేని కాగితం గురించి నేను సంజాయిషీ ఇచ్చానన్నమాట! నా అభిప్రాయం కావాలా? 'మిడ్‌నైట్స్ చిల్డ్రన్' నాకిష్టం. అందులో పచ్చళ్ల జాడీల దగ్గర కూచుని కథ రాసే మనిషి ఇంకా ఇష్టం. 2022లో రష్దీని పొడిచిన కత్తి దుర్మార్గం. 1994లో కైరోలో ఎనభై రెండేళ్ల నగీబ్ మహఫూజ్ మెడలో దిగిన కత్తీ దుర్మార్గం. మహఫూజ్‌ని పొడిచిన కుర్రాడు ఆయన రాసిందేదీ చదవలేదని తర్వాత బయటపడింది. ఇవన్నీ చెప్పగలను. కానీ రెడ్డిగారో శాస్త్రిగారో చెహోవ్ మీద మాట్లాడినప్పుడు, మీ మతంలో జరిగిన హత్యలన్నిటినీ ముందు ఖండించండి, తర్వాత చెహోవ్ దగ్గరికి రండి అని ఎవరూ అడగరు. నన్నే అడుగుతారు.

మహఫూజ్ పేరు వచ్చింది కాబట్టి ఆయన దగ్గర కాసేపు ఆగనివ్వండి, నాకిష్టమైన చోటు అది. 1992 డిసెంబరు 6 తర్వాతి రోజులు. అప్పటికి నేను హైదరాబాదులో ఉద్యోగం వెతుక్కుంటూ బంధువులింట్లో ఉన్నాను. కర్ఫ్యూ. తలుపులు బిగించుకుని, రేడియో చెవికి ఆనించుకుని కూచున్నాం. పాలు లేవు. రెండేళ్ల కిందటి డిసెంబరు గాయాలే ఆ ఊళ్లో ఇంకా మానలేదు. నా సంచీలో ఫుట్‌పాత్ మీద కొన్న 'మిదాక్ ఆలీ' ఇంగ్లీషు ప్రతి ఉంది. ఏడ్చి ఏడ్చి అలిసిపోయి అది తెరిచాను. కైరోలో ఒక ఇరుకు గల్లీ. అందులో చాయ్ దుకాణం. ఇరవై ఏళ్లుగా తంబూరా పట్టుకుని అక్కడ కథలు పాడే ముసలాయన్ని, ఇక రేడియో పెట్టాను నువ్వొద్దని దుకాణంవాడు వెళ్లగొడతాడు. రెండోపెళ్లి కోసం తహతహలాడే వెధవరాలు, సంబంధాలు కుదిర్చే నోరుగల ఆడమనిషి, బిచ్చగాళ్లకి డబ్బు తీసుకుని అవిటితనం చేసిపెట్టే భయంకరుడు. అందరూ మావాళ్లే. ఒక్కడూ ముస్లిం సమస్య కాదు. పిసినారులు, తిండిపోతులు, ప్రేమలో పడ్డ మంగలి కుర్రాళ్లు. వీధిలో పోలీసు జీపు తిరుగుతుంటే నేను నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వాను.

ఆ నవ్వు గురించి ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. సిగ్గనిపించింది. మసీదు కూలిన వారంలో నవల చదివి నవ్వానని ఎట్లా చెప్పను? ఇక్కడే మన సాటి ముస్లిం రచయితలతో నా తగువు. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చినప్పుడు, 1998లో 'జల్‌జలా' వచ్చినప్పుడు నేను ఆ పుస్తకాలు గుండెకి హత్తుకున్నాను. గాయాన్ని గాయమని తెలుగులో చెప్పక తప్పని రోజులవి. ఇప్పుడూ తప్పదు. 2015లో దాద్రిలో ఒక మనిషిని ఇంట్లోంచి లాగి చంపాక గాయం గురించి రాయొద్దనే హక్కు ఎవరికీ లేదు. నేను అనేది వేరు. గాయం రాస్తేనే మనవాడు, లేకపోతే తప్పించుకుపోయినవాడు అనే లెక్క ఎక్కడిది? నన్ను ఈ వ్యాసాల పుస్తకానికి రాయమన్న తమ్ముడు కూడా, "ఆపా, కొంచెం మంట ఉండాలి" అన్నాడు. అన్నందుకు కోపం లేదు. కానీ తమ్ముడూ, నెల్లూరు దర్గామిట్ట పిల్లాడి అల్లరిని మహమ్మద్ ఖదీర్‌బాబు కథలుగా రాసినప్పుడు నువ్వూ నేనూ ఎందుకంత ఇష్టంగా చదివాం? మన ఇంట్లో కూడా నవ్వు ఉందని ఒకరు రాసినందుకు కాదా? మనల్ని చంపాలనుకునేవాడు మన చావే కోరుకోడు. అంతకంటే ముందు మనం చావు తప్ప వేరే ఏదీ ఆలోచించకుండా ఉండాలని కోరుకుంటాడు. ఆ రెండోది వాడికి మనమెందుకు ఉచితంగా ఇవ్వాలి?

సుఖం అంటే తేలిగ్గా దొరికేదని అనుకోకండి. 2007లో మక్కా మసీదులో బాంబు పేలాక పాతబస్తీలో కుర్రాళ్లని పట్టుకుపోయారు. చిత్రహింసలు పెట్టారు. తర్వాత కోర్టులు నిర్దోషులని వదిలేశాయి. ఆ రోజుల్లో మా అక్కకొడుకు తన గదిలో ఉర్దూ పుస్తకాలన్నీ మూటకట్టి మా ఇంటికి తెచ్చాడు. నేను విప్పి చూశాను. ఇబ్నె సఫీ డిటెక్టివ్ నవలలు, కృష్ణ చందర్ కథలు, ఒక వంటల పుస్తకం! "ఇందులో ఏముందిరా భయపడటానికి?" అంటే, "లోపల ఏముందో ఎవడు చూస్తాడు ఖాలా, లిపి చూస్తారు" అన్నాడు. ఆ మూట నాలుగేళ్లు మా అటక మీదుంది. ఇరవై రెండేళ్ల కుర్రాడు నాలుగేళ్లపాటు తనకిష్టమైన డిటెక్టివ్ నవల బస్సులో తెరవలేదు. ఇది ఏ కమిషన్ నివేదికలోకీ ఎక్కదు. పోయింది ప్రాణం కాదు, ఉద్యోగం కాదు. గంటన్నర బస్సు ప్రయాణంలో ఒక హంతకుణ్ణి కనిపెట్టే సరదా పోయింది. నేను దాన్నీ నష్టాల్లో రాయమంటాను. అదొక్కటే రాయమనడం లేదు, అదీ రాయమంటున్నాను.

మఖ్దూమ్ మొహియుద్దీన్‌ని మనమందరం పంచుకుంటాం కదా. సాయుధ పోరాటం, ట్రేడ్ యూనియన్, జైలు, అన్నీ నిజమే. కానీ ఆ మనిషి టాగోర్ కవిత్వం మీద ఉర్దూలో పుస్తకం రాశాడు. బెర్నార్డ్ షా నాటకాన్ని ఉర్దూలోకి మార్చి హైదరాబాదులో ఆడించాడు. మల్లెపందిరి కింద ప్రేమలో కాలిపోయిన ఇద్దరి మీద ఆయన రాసింది 1964లో సినిమా పాటయ్యింది. మెదక్ జిల్లా అందోలులో పుట్టిన పేదింటి పిల్లాడికి, బెంగాల్ నీకెందుకు, ఐర్లండు నీకెందుకు, వేరే వాళ్లున్నారు అని ఎవరూ చెప్పలేదు కాబోలు. చెప్పినా విని ఉండడు. అఫ్జల్‌గంజ్‌లో మూసీ ఒడ్డున ఉన్న లైబ్రరీ, 1891లో ఆసఫియా పేరుతో మొదలైనది, ఇప్పటికీ ఉంది. ఉస్మానియా కోసం 1917లో దారుల్ తర్జుమా పెట్టి ప్రపంచ శాస్త్రాలన్నీ ఉర్దూలోకి దింపిన ఊరది. లోకంలోని పుస్తకాలు మాకు కొత్తగా ఎవరో దయతలిచి పంచిపెట్టాల్సినవి కావు.

అమ్మీ ఇప్పుడు నా దగ్గరే ఉంది. కళ్లు సరిగ్గా కనపడవు. బీడీలు చుట్టి చుట్టి వేళ్లు వంకరపోయాయి, జర్దా ధూళికి దగ్గు పోలేదు. ఆ వేళ్ల గురించి రాయమంటే రాస్తాను, రాశాను కూడా. కానీ రాత్రి భోజనమయ్యాక ఆమె నన్ను వేళ్ల గురించి అడగదు. "నిన్న ఎక్కడ ఆపినం?" అని అడుగుతుంది. ఇప్పుడు మహఫూజ్ చదువుతున్నాం, అదే మిదాక్ గల్లీ, మళ్లీ దక్కనీలోనే. రేడియో పెట్టి పాటగాణ్ణి వెళ్లగొట్టిన దుకాణంవాణ్ణి అమ్మీ మొదటి రాత్రే ఒక తిట్టు తిట్టింది. అది ఇక్కడ అచ్చువేయలేను.

మొన్న ఆ సంస్థ వాళ్లే మళ్లీ ఫోన్ చేశారు. ఈసారి అంశం 'మైనారిటీ స్త్రీ వేదన' అని ముందే చెప్పారు. వస్తానన్నాను. నలభై నిమిషాలు దానియార్ వీపు మీది బస్తా గురించి మాట్లాడతాను, ఆ బస్తాని చూసి మా దాలాన్లో ఎవరు నవ్వారు, ఎవరు ఎక్కడ ఆపారు అదంతా చెప్తాను, కరపత్రంలో నా పేరు కింద 'జమీల్యా' అని వెయ్యండి అన్నాను. అడిగి చెప్తామన్నారు. ఇంకా చెప్పలేదు.